తూము తాళం ఎవరి చేతిలో ఉంది?

(శిడ్లఘట్టలో పట్టు కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

రీలింగ్ బేసిన్ల దగ్గర, ట్విస్టింగ్ మిషన్ల దగ్గర, ఫిలేచర్లలో పనిచేస్తున్న సోదర సోదరీమణులారా! మల్బరీ రైతు మిత్రులారా!

ఈ సభ కరపత్రంలో "స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు, దేశ సార్వభౌమత్వం" అని అచ్చువేశాము. అది చదివిన కొందరు కార్మికులు మమ్మల్ని నేరుగానే అడిగారు: "ఇవి ఢిల్లీలో, జెనీవాలో మాట్లాడుకునే మాటలు గదా. పొద్దుననగా వేడినీళ్లలో చేతులు పెడితే సాయంత్రానికి వేళ్లు తెల్లగా నానిపోయే మాకు వీటితో ఏం పని?" అడగవలసిన ప్రశ్నే అది. దీనికి జవాబు చెప్పగలిగితేనే ఈ సభ పెట్టినందుకు ఫలితం.

మన కూలి ఎక్కడ తయారవుతుందో ముందు చూద్దాం. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టుకు చింతామణి నుంచి, బాగేపల్లి నుంచి, చిక్కబళ్లాపురం పల్లెల నుంచి రైతులు గూళ్లు తెస్తారు. రీలరు వేలంలో పాడతాడు. ఒక కిలో దారం తీయడానికి సంకరజాతి గూళ్లయితే సుమారు ఏడెనిమిది కిలోలు కావాలి. కాబట్టి రీలరు ముందు ఆ రోజు దారం ధర చూసుకుంటాడు. అందులోంచి కట్టెలు, కరెంటు, కూలి, వడ్డీ తీసేసి, మిగిలిన లెక్క ప్రకారం గూటికి ధర పాడతాడు. దారం ధర పడిపోయిన రోజున వాడు కట్టెల ధర తగ్గించలేడు, కరెంటు బిల్లు తగ్గించలేడు, వడ్డీ అసలే తగ్గించలేడు. వాడి చేతిలో ఉన్నవి రెండే: రైతుకిచ్చే ధర, మనకిచ్చే కూలి. నష్టం ఇంకా ముదిరితే బేసిన్ కింద పొయ్యి ఆర్పేస్తాడు. అప్పుడు కూలి తగ్గడం కాదు, పనే ఉండదు.

మరి దారం ధర దేన్నిబట్టి ఉంటుంది? బయటి దేశాల నుంచి, ముఖ్యంగా చైనా నుంచి, వచ్చే దారం రేవులో దిగేసరికి ఎంత పడుతుందో దాన్నిబట్టి. ఆ ధరలో ఒక భాగం మన ప్రభుత్వం వేసే దిగుమతి సుంకం. విదేశీ దారం 100 రూపాయలకు వచ్చిందనుకోండి. సుంకం 30 శాతమైతే అది 130 అవుతుంది, 5 శాతమైతే 105 అవుతుంది. మిగతా చిన్న పన్నులు పక్కన పెడితే లెక్క ఇంతే. ఆ 25 రూపాయల తేడాలోనే మన పొయ్యి మండేదీ ఆరేదీ ఉంది.

మన జిల్లాలో చెరువుల సంగతి అందరికీ తెలుసు. చెరువుకు తూము ఉంటుంది. తూము తెరిచి మూసేవాడు నీరుగంటి. ఊరు చెప్పినప్పుడు తెరవాలి, ఊరు చెప్పినప్పుడు మూయాలి. సుంకం దేశానికి తూము లాంటిది. కొరత వస్తే తెరవవచ్చు, వరద వస్తే మూయవచ్చు. అవసరాన్నిబట్టి తెరిచే, మూసే అధికారం మన చేతిలో ఉండటమే ఆర్థిక రంగంలో సార్వభౌమత్వం. ఆ తాళం ఎవరి దగ్గర ఉంది, ఎవరి మాట విని తిప్పుతున్నారు అన్నదే ఈ రోజు మన ప్రశ్న.

డంకెల్ నుంచి చైనా దారం దాకా

పాత కార్మికులకు గుర్తుండే ఉంటుంది. 1991 డిసెంబరులో గాట్ చర్చల్లో డంకెల్ ముసాయిదా వచ్చింది. 1993 అక్టోబరులో బెంగుళూరులో కర్ణాటక రాజ్య రైతు సంఘం, ప్రొఫెసర్ నంజుండస్వామి నాయకత్వంలో, దానికి వ్యతిరేకంగా భారీ ర్యాలీ జరిపింది. అయినా 1994 ఏప్రిల్ 15న మొరాకోలోని మర్రకేష్‌లో సంతకాలయ్యాయి. 1995 జనవరి 1 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ పనిచేయడం మొదలుపెట్టింది.

అంతకుముందు విదేశీ మారకద్రవ్యం కొరత ఉందన్న కారణంతో మన దేశం అనేక సరుకుల దిగుమతి మీద పరిమాణ ఆంక్షలు పెట్టేది. అమెరికా దీని మీద ఫిర్యాదు చేసింది. 1999లో సంస్థ వివాద మండలి, ఆ పైన అప్పీలు మండలి, మనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పాయి. దాంతో 2000 ఏప్రిల్ 1న 714 సరుకుల మీద, 2001 ఏప్రిల్ 1న మరో 715 సరుకుల మీద ఆంక్షలు ఎత్తేశారు. మన పార్లమెంటు కోరి చేసిన పని కాదిది. మన దేశానికి ఏది కొరత, ఏది కాదు అన్నది బయటి మండలి తేల్చింది.

2001 డిసెంబరు 11న చైనా కూడా ఆ సంస్థలో చేరింది. 2002-03లో మన దేశంలోకి సుమారు 9 వేల టన్నుల ముడి పట్టు దిగుమతి అయింది. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద అన్ని రకాల పట్టూ కలిపి ఉత్పత్తి 16 వేల టన్నుల చిల్లర. అంటే మన ఇంట్లో తీసిన దారంలో సగానికి మించిన దారం బయటినుంచి వచ్చిపడింది.

రైతులు, రీలర్లు మొరపెట్టుకున్న మీదట 2003లో చైనా ముడి పట్టు మీద డంపింగ్ నిరోధక సుంకం వేశారు. డంపింగ్ అంటే తన దేశంలో అమ్మే ధరకన్నా తక్కువకు పరాయి దేశంలో కుమ్మరించడం. సుంకం వేయడం మంచిదే. కానీ అందులో కన్నాలున్నాయి. అది ఒక గ్రేడుకే వర్తిస్తుంది, ఒక దేశానికే వర్తిస్తుంది. ఒక నిర్ణీత ధర పెట్టి, అంతకన్నా తక్కువకు వస్తేనే సుంకం అంటే, వ్యాపారి బిల్లులో ధర పెంచి రాసుకుని దాటిపోవచ్చు. ముడి దారం మీద వేస్తే పురి పెట్టిన దారంగా తేవచ్చు. పైగా ఐదేళ్లకు దాని గడువు తీరుతుంది. మళ్లీ విచారణ జరిపించుకోవాలి, మళ్లీ లెక్కలు చూపాలి. పెద్ద కంపెనీకి వకీళ్లుంటారు. నాలుగు బేసిన్ల రీలరుకు, అర ఎకరం మల్బరీ రైతుకు ఎవరుంటారు?

2011: తూము తెరిచింది ఎవరు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2011 ఫిబ్రవరి 28న ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్‌లో ముడి పట్టు మీద దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి దించేశారు. ఒక్క రోజులో జరిగిపోయింది. ఆ ఏడాది గూళ్ల ధర పడిపోయి కర్ణాటకలో రైతులు, రీలర్లు రోడ్డెక్కారు. మల్బరీ తోటలు పీకేసిన వాళ్లు మన పల్లెల్లోనే ఉన్నారు.

దీనికి ప్రపంచ వాణిజ్య సంస్థ ఒత్తిడే కారణమని మనలో చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మిత్రులారా, ఇది జాగ్రత్తగా వినండి. ఆ సంస్థ వ్యవసాయ ఒప్పందంలో ఏ ఏ సరుకులు వ్యవసాయ సరుకులో ఒక పట్టిక ఉంది. ముడి పట్టు ఆ పట్టికలో ఉంది. సుంకానికి ప్రతి దేశం ఒక పై హద్దు ఒప్పుకుంది. మన దేశం ముడి వ్యవసాయ సరుకుల్లో ఎక్కువ భాగానికి 100 శాతం దాకా హద్దు పెట్టుకుంది. ముడి పట్టు హద్దు కూడా 30 శాతానికి చాలా పైనే ఉంది. అంటే సుంకం 30 నుంచి 5కు దించమని ఏ జెనీవా మండలీ చెప్పలేదు. తూము తాళం మన నీరుగంటి చేతిలోనే ఉంది. మన నీరుగంటే ఆయకట్టును అడగకుండా తెరిచాడు.

ఆందోళనల తర్వాత 2013 బడ్జెట్‌లో 5 శాతాన్ని 15కు పెంచారు. తర్వాత మళ్లీ 10కి దించారు. 2016లో చైనా ముడి పట్టులో 3ఎ, ఆ కింది గ్రేడుల మీద మళ్లీ డంపింగ్ నిరోధక సుంకం వచ్చింది. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో ముడి పట్టు, పట్టు దారం రెండింటి మీదా సుంకం 10 నుంచి 15కు పెంచారు. ఈ ఎత్తుపల్లాలలో ఒక పాఠం ఉంది. మనం అరిచినప్పుడు తూము కొంత మూసుకుంది. ఎందుకు మూయగలిగారు? హద్దు లోపల పెంచుకునే హక్కు ఇంకా మిగిలి ఉంది కాబట్టి. బడ్జెట్ చేసిన తప్పును ఇంకో బడ్జెట్ దిద్దవచ్చు.

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం దగ్గర తేడా ఇక్కడే వస్తుంది.

తూముకు తలుపే లేకపోతే

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమంటే రెండు దేశాలో, పది దేశాలో కలిసి, తమ మధ్య నడిచే వ్యాపారంలో చాలా భాగానికి సుంకం సున్నా చేసుకోవడం. మినహాయింపు జాబితాలో పెట్టిన సరుకులకు మాత్రం పాత సుంకమే ఉంటుంది. ఒకసారి సున్నా అని రాసి సంతకం పెట్టాక, రేపు ధర పడిపోయింది, మా కార్మికులు రోడ్డున పడ్డారు అని మన ఇష్టప్రకారం సుంకం పెంచడానికి లేదు. కొన్నాళ్ల పాటు తాత్కాలిక రక్షణ అడగవచ్చు, దానికి షరతులుంటాయి. లేదా ఒప్పందాన్నే తిరిగి చర్చించాలి, లేదా వదులుకోవాలి. అంటే తూము తలుపు తీసి అవతలి ఊరివాళ్లకు ఇచ్చినట్టు.

ఇతర దేశాల అనుభవం చూడండి. 1994 జనవరి 1న అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య నాఫ్టా ఒప్పందం అమలుకు వచ్చింది. మెక్సికో వాళ్లకు మొక్కజొన్న మనకు రాగి లాంటిది. తిండీ అదే, సంస్కృతీ అదే. మొక్కజొన్న మీద సుంకాలు పూర్తిగా పోవడానికి ఒప్పందం 2008 దాకా గడువిచ్చింది. కానీ మెక్సికో ప్రభుత్వం కోటాకు మించి వచ్చిన మొక్కజొన్న మీద వేయగలిగిన సుంకాన్ని కూడా ముందునుంచే వేయకుండా వదిలేసింది. రైతు తట్టుకునే గడువు కాగితం మీదే ఉండిపోయింది. మన 2011 నిర్ణయానికి ఇది అన్నదమ్ముడు. ఒప్పందం కొంత లాక్కుంటే, మిగిలింది సొంత ప్రభుత్వమే వదిలేసింది.

మన దేశంలో మిరియాల కథ ఉంది. 1998 డిసెంబరులో శ్రీలంకతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరి 2000లో అమలయింది. తర్వాత వియత్నాం మిరియాలు శ్రీలంక పేరుతో, తక్కువ సుంకంతో వస్తున్నాయని కొడగు, కేరళ రైతులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. చివరికి 2017 డిసెంబరులో కేంద్రం కిలోకు 500 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టవలసి వచ్చింది. ఒప్పందం ఒక దేశంతో ఉంటుంది, సరుకు ఇంకో దేశానిది వస్తుంది. పట్టు దారానికి ఇది ఇంకా సులువు. దారం మీద ఊరి పేరు రాసి ఉండదు గదా!

ఇంకో సంగతి మనకు ధైర్యమిచ్చేది. ఆసియా, పసిఫిక్ దేశాల ఆర్‌సెప్ ఒప్పందం కోసం మన ప్రభుత్వం ఏళ్ల తరబడి చర్చలు జరిపింది. అందులో చైనా ఉంది. సంతకం పెట్టి ఉంటే చైనాతో మనకు స్వేచ్ఛా వాణిజ్యం వచ్చి ఉండేది. పాడి రైతులు, రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, చిన్న పరిశ్రమలవాళ్లు దేశమంతటా వ్యతిరేకించారు. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో భారతదేశం బయటికొచ్చింది. మిగిలిన 15 దేశాలు 2020 నవంబరులో సంతకాలు చేశాయి. సంతకానికి ముందు లేచిన గొంతుకు విలువ ఉంది. సంతకమైన తర్వాత లేచే గొంతుకు ఆ బలం ఉండదు.

2019 తర్వాత చర్చలు ఆగిపోలేదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో ఒప్పందం 2022 మేలో, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరులో అమలుకు వచ్చాయి. బ్రిటన్‌తో 2025 జూలైలో సంతకమైంది. వీటిలో మన సరుకుకు బయట మార్కెట్టు దొరికే అవకాశం కూడా ఉంటుంది. పట్టు చీరలు, బట్టలు బయటికి పోతే మంచిదే. వాణిజ్యమే వద్దని మేము అనడం లేదు. టిప్పు సుల్తాన్ కాలంలో ఈ నేలకు పట్టుపురుగు బయటినుంచే వచ్చింది. మేమడిగేది ఒకటే. ఏ సరుకు ఏ జాబితాలో ఉందో సంతకానికి ముందు మనకు చెప్పాలి.

ఓటు ఎవరికుంది?

ఇక్కడ మన రాజ్యాంగం సంగతి తెలుసుకోవాలి. విదేశీ ఒప్పందాలు, విదేశీ వాణిజ్యం, కస్టమ్స్ సుంకం మూడూ కేంద్ర జాబితాలో ఉన్నాయి. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది. రైతు తోట పీకేస్తే జవాబు చెప్పుకోవలసింది బెంగుళూరు, కానీ సుంకం తగ్గించేది ఢిల్లీ. ఒప్పందం మీద సంతకం పెట్టడానికి కేంద్ర ప్రభుత్వానికి పార్లమెంటు ఓటు అక్కర్లేదు. చట్టం మార్చవలసి వస్తేనే 253వ అధికరణం కింద పార్లమెంటు పని మొదలవుతుంది. సుంకం తగ్గించడానికైతే కస్టమ్స్ చట్టం కింద ఒక నోటిఫికేషన్ చాలు.

నాఫ్టా మీద 1993లో అమెరికా ప్రతినిధుల సభలో ఓటింగ్ జరిగింది. 234 మంది అవునన్నారు, 200 మంది కాదన్నారు. యూరోపియన్ యూనియన్ చేసుకునే వాణిజ్య ఒప్పందానికి వాళ్ల పార్లమెంటు ఆమోదం కావాలి. మన ఎంపీకి ఆ ఓటు లేదు. ఓట్లడగడానికి శిడ్లఘట్ట వీధుల్లో తిరిగే మనిషి, మన దారం జాతకం రాసే కాగితాన్ని సంతకమయ్యాకే చదువుతాడు. సార్వభౌమాధికారం ప్రజలదంటే, ఆ కాగితం ముందు ప్రజల ముందుకు రావాలి.

నేతగాడు మనకు శత్రువా?

ఒక ప్రశ్న తప్పించుకోకుండా మాట్లాడుకోవాలి. సుంకం తగ్గించమని అడిగినవాళ్లలో నేతవాళ్లూ ఉన్నారు. ధర్మవరంలో, కంచిలో, బనారసులో మగ్గం ముందు కూర్చున్న మనిషికి దారం ధర పెరిగితే కడుపు కాలుతుంది. ధర్మవరంలో అప్పుల బాధకు ప్రాణాలు తీసుకున్న నేతన్నల కుటుంబాలను మనం ఎరుగుదుము. వాళ్లను మనకు ఎదురు నిలబెట్టి, "వాళ్లకోసమే తగ్గించాము" అని ఢిల్లీ చెబితే మనం మోసపోకూడదు. చౌక దారం తెచ్చిన దారిలోనే చౌక బట్ట కూడా వస్తుంది. అప్పుడు మనతోపాటు మగ్గమూ ఆగుతుంది. నేతగాడికి రాయితీ మీద దారం ఇవ్వాలి, ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. రీలింగ్ కార్మికుడి కూలిలోంచి ఆ ఖర్చు తీయకూడదు.

మన ఇంటి సంగతి

అలాగే మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి. చైనా దారం మన మార్కెట్టులో నిలబడింది చౌక వల్ల మాత్రమే కాదు. పవర్‌లూమ్ పడుగుకు తెగకుండా, ఒకే మందంతో ఉండే దారం కావాలి. ద్విసంతతి గూళ్లు, ఆటోమేటిక్ రీలింగ్ మిషన్లు వచ్చినచోట మన దారం కూడా ఆ నాణ్యత అందుకుంటోంది. 2023-24లో దేశంలో పట్టు ఉత్పత్తి 38,913 టన్నులకు చేరింది. 2002-03తో పోలిస్తే రెట్టింపు దాటింది. తూము కొంత మూసి ఉన్న కాలంలో ఈ పని జరిగింది. కాబట్టి రక్షణ అడిగేది సోమరితనానికి కాదు, ఎదగడానికి వ్యవధి కోసం.

కానీ ఒక షరతు మనవైపు నుంచి ఉంది. సుంకం వల్ల దారం ధర నిలబడితే ఆ లాభం యజమాని గల్లాపెట్టె దగ్గర ఆగిపోకూడదు. రీలింగ్, ట్విస్టింగ్ యూనిట్లలో కనీస వేతనం అమలు కావాలి. ఆవిరిలో, ప్యూపా కంపులో, తడి నేల మీద పనిచేసేవాళ్లకు వైద్య సదుపాయం ఉండాలి. ఒకప్పుడు ఈ ఊరి రీలింగ్ పనిలో చిన్నపిల్లలు, అప్పు కింద కుదువబెట్టిన పిల్లలు ఉండేవారని దేశ విదేశాల్లో నివేదికలు వచ్చాయి. దారం ధర పడినప్పుడల్లా యజమాని చౌక చేతుల కోసం వెతుకుతాడు. అన్నిటికన్నా చౌక చెయ్యి పిల్లవాడిది. బళ్లో ఉండవలసిన బిడ్డ మళ్లీ బేసిన్ దగ్గరికి రాకూడదంటే ధరా నిలబడాలి, సంఘమూ నిలబడాలి. ఆటోమేటిక్ మిషన్ వచ్చి నలుగురు చేసే పని ఒకరు చేస్తే, మిగిలిన ముగ్గురికి శిక్షణా ప్రత్యామ్నాయ పనీ చూపే బాధ్యత కూడా ఆ మిషన్‌కు సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వానిదే.

మన కోరికలు

ఈ సభ ముందు మేము పెడుతున్న కోరికలు ఇవి.

1. ఇకమీదట చర్చించే ప్రతి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలోనూ ముడి పట్టును, పురి పెట్టిన పట్టు దారాన్ని, పట్టు బట్టను మినహాయింపు జాబితాలో పెట్టాలి.

2. సంతకానికి ముందు ఒప్పందం ముసాయిదాను పార్లమెంటులో చర్చించి ఓటింగుకు పెట్టాలి. పట్టు పండించే రాష్ట్రాల శాసనసభల అభిప్రాయం తీసుకోవాలి.

3. ముడి పట్టు సుంకాన్ని రైతు, రీలింగ్ కార్మిక, నేత సంఘాల ప్రతినిధులతో మాట్లాడకుండా తగ్గించకూడదు.

4. మూడో దేశం దారం దొంగదారిన రాకుండా రేవుల్లో మూలదేశం తనిఖీ గట్టిగా జరగాలి.

5. చేనేతకు రాయితీ దారం, రీలింగ్ కార్మికులకు కనీస వేతనం రెండూ కలిపి అమలు చేయాలి.

ఈ కోరికల కాగితం రేపు పొద్దున గూళ్ల మార్కెట్టు గేటు దగ్గర పెడతాము. కార్మికులూ రైతులూ అందరూ సంతకాలు చేయండి, చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. హిందూపురం మార్కెట్టుకు, ధర్మవరం మగ్గాల వీధులకు కూడా ఈ కాగితం తీసుకెళ్లాలని మా ఆలోచన. అక్కడ బంధువులున్నవాళ్లు తోడు రండి. ఆ తర్వాత ఎంపీ దగ్గరికి అందరం కలిసి వెళ్దాం. దారం మన చేతుల మీదుగా పోతోంది. దాని మీద రాసుకునే ఒప్పందం మన కళ్లముందు చదివి తీరాలని ఆయన్ను అడుగుదాం.